బంగారు నాణెం మీద ఓరియన్ కుడి ఎడమలు తారుమారయ్యాయి: ఇది తప్పా, కావాలనే అలా చెక్కారా?

పాలపుంత
ఒక ఔన్సు బంగారు నాణెం తీసుకున్నాను. స్వచ్ఛత 9999, అంటే 99.99 శాతం. బొరుసు మీద ఓరియన్ నక్షత్రమండలం ఉంది: గద ఎత్తిన వేటగాడు, అతని ఒంటి మీద చుక్కలు చిన్న చిన్న బుడిపెల్లా. పనితనం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ చుక్కలే తేడాగా ఉన్నాయి. తల పైకి ఉండేలా పట్టుకుంటే ఎర్రటి ఆర్ద్ర, అదే బెటెల్‌గ్యూస్, మన కుడి చేతి వైపు పైన వస్తోంది. రీగల్ ఎడమ వైపు కింద ఉంది. ఆకాశంలో సరిగ్గా దీనికి ఉల్టా కదా! ఆర్ద్ర ఎడమన పైన, రీగల్ కుడిన కింద ఉండాలి.

మామూలు బులియన్ నాణెం (లోహం విలువ కోసమే కొనేది) కంటే బాగా ఎక్కువ ప్రీమియం, అంటే బంగారం ధర మీద అదనం, కట్టింది ఈ డిజైన్ కోసమే. పైగా డబ్బాలో ఇచ్చిన కరపత్రంలో "రాత్రి ఆకాశంలో మీకు కనిపించే ఓరియన్" అని రాశారు. వాపసు ఇచ్చేయాలా? లేక ఇలాంటి తప్పున్న నాణేలకు తర్వాత గిరాకీ పెరుగుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోల్డ్‌బగ్_88
స్పాట్ రేటు, అంటే బంగారం ఆ పూట మార్కెట్ ధర, చుక్కల్ని చూసి మారదు బ్రో. 31.1 గ్రాముల బంగారం ఉందా లేదా, అంతే. దాచెయ్.

బొమ్మాబొరుసు
గిరాకీ సంగతి ముందు చెబుతాను, చాలామంది ఇక్కడే పొరబడతారు. కలెక్టర్లు ఎక్కువ ధర పెట్టేది ముద్రణలో జరిగిన తప్పులకు. అచ్చు పక్కకు జరగడం, ఒకే నాణెం మీద రెండుసార్లు దెబ్బ పడటం, వేరే లోహపు బిళ్ళ మీద ముద్ర పడటం లాంటివి. అవి వేలల్లో ఒకటో రెండో బయటికి వస్తాయి కాబట్టి విలువ. మీదాంట్లో తేడా డిజైన్‌లోనే ఉంది. అంటే ఆ సిరీస్‌లోని ప్రతి నాణెమూ అలాగే ఉంటుంది. అందరి దగ్గరా ఉన్న తప్పు అరుదైనది ఎలా అవుతుంది? మింట్, అంటే నాణేలు ముద్రించే టంకశాల, మధ్యలో డిజైన్ మార్చి మళ్ళీ ముద్రిస్తే అప్పుడు కథ వేరు.

రాత్రిడ్యూటీ
దక్షిణార్ధగోళంలో ఓరియన్ తలకిందులుగా కనిపిస్తాడు. డిజైన్ చేసినవాళ్ళు అటువైపు వాళ్ళేమో?

ఆకాశవీధి
తలకిందులవడం వేరు, అద్దంలో బొమ్మలా మారడం వేరు @రాత్రిడ్యూటీ. దక్షిణార్ధగోళం నుంచి చూస్తే బొమ్మ మొత్తం సగం చుట్టు తిరుగుతుంది. ఆర్ద్ర కుడిన కిందికి, రీగల్ ఎడమన పైకి వస్తాయి. పాలపుంత గారి నాణేన్ని అలాగే తిప్పి చూడండి, ఆర్ద్ర ఎడమన కిందికి వస్తుంది. అది ఏ అర్ధగోళంలోనూ కనపడని ఓరియన్. ఎంత తిప్పినా ఆకాశంతో కలవకపోతే అది అద్దపు బొమ్మే.

పాలపుంత గారూ, ఒక్క విషయం చెప్పండి. వేటగాడి ముఖం మీకు కనిపిస్తోందా, వీపు కనిపిస్తోందా?

పాలపుంత
వీపు. జుట్టు, భుజాలు, నడుముకు పట్టీ కనిపిస్తున్నాయి. ముఖం అటువైపు ఉంది. ఎందుకు?

ఆకాశవీధి
అయితే అది తప్పు అనేముందు ఆగాలి.

పూర్వం నక్షత్రాలను గ్లోబు మీద చెక్కేవాళ్ళు. భూమి ఆ గోళం మధ్యలో ఉన్నట్టు, మనం గోళానికి బయట నిలబడి చూస్తున్నట్టు. లోపల్నుంచి చూస్తే ఎడమన ఉన్నది బయట్నుంచి చూస్తే కుడిన ఉంటుంది. నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఫర్నీస్ అట్లాస్ అనే పాలరాతి విగ్రహం ఉంది. ఆ అట్లాస్ భుజాన మోసే గోళం మీద నక్షత్రమండలాలన్నీ ఇలాగే, బయట్నుంచి చూసినట్టే ఉంటాయి. ఖగోళ శాస్త్రవేత్త హెవీలియస్ నక్షత్ర పటాలు ఆయన పోయాక 1690లో వచ్చాయి. కాగితం మీద వేసినా ఆయన గ్లోబు పద్ధతినే పట్టుకున్నాడు. 1603లో బేయర్ వేసిన యురనోమెట్రియా అనే నక్షత్ర పటాల పుస్తకం మాత్రం మనం నేల మీద నిలబడి చూసినట్టు ఉంటుంది.

గ్లోబు పద్ధతిలో వేటగాడు భూమి వైపు, అంటే లోపలికి చూస్తుంటాడు. బయట ఉన్న మనకు వీపే కనపడాలి. మీ నాణెం మీద చుక్కలు తిరగబడటం, వీపు కనపడటం రెండూ కలిసి వచ్చాయి. తెలియక చేసిన పని అయితే ఇవి రెండూ ఇంత చక్కగా కుదరవు.

లెక్కలమాస్టారు
ఆకాశవీధి గారి మాటకు ఇంకో సాక్ష్యం. ప్రాచీన గ్రీకు ఖగోళవేత్త టాలెమీ తన నక్షత్రాల పట్టికలో ఆ ఎర్ర నక్షత్రాన్ని ఓరియన్ కుడి భుజం మీద ఉన్నదిగా రాశాడు. కుడి అంటే వేటగాడి కుడి, మనది కాదు. అతను మనవైపు తిరిగి ఉంటే అతని కుడి భుజం మన ఎడమకు వస్తుంది, ఆకాశంలో కనపడేది అదే. అతను వీపు తిప్పితే అతని కుడి మన కుడీ ఒకటే. నాణెం మీద ఉన్నది అదే. టాలెమీ ప్రకారం నాణెం పాస్.

ఇందులో ఇంకో తమాషా. బేయర్ చుక్కల్ని ఆకాశంలో ఉన్నట్టే పెట్టాడు గానీ చాలా బొమ్మల్ని వీపు తిప్పి గీశాడు. దాంతో ఆయన పటంలో కొన్నిచోట్ల కుడి భుజం నక్షత్రం ఎడమ భుజం మీదికి పోయింది. అంత గొప్ప పటంలోనే ఆ గందరగోళం ఉందంటే, ఈ నాణెం చెక్కినవాళ్ళను మెచ్చుకోవాల్సిందే.

కాసులపేరు
అంతా బాగుంది మాస్టారూ, మరి కరపత్రం సంగతో? "రాత్రి ఆకాశంలో మీకు కనిపించే" అని రాసి గ్లోబు బొమ్మ ఇస్తే అది వర్ణనకు సరిపోని వస్తువే. నేనైతే వాపసు ఇచ్చేస్తాను. కొన్నవాళ్ళు టాలెమీ చదివి రావాలా?

బొమ్మాబొరుసు
+1. చెక్కినవాళ్ళకు తెలుసు, కరపత్రం రాసినవాళ్ళకు తెలియదు. రెండు వేర్వేరు డిపార్ట్‌మెంట్లు అయి ఉంటాయి.

రాత్రిడ్యూటీ
న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ పైకప్పు మీద కూడా ఆకాశం ఇలా తిరగబడే ఉందని విన్నాను. నిజమేనా?

ఆకాశవీధి
నిజమే. 1913లో స్టేషన్ తెరిచినప్పటి నుంచీ అదే చర్చ. అక్కడింకా విచిత్రం ఏంటంటే ఓరియన్ ఒక్కడే సరిగ్గా ఉంటాడు, పక్కనున్న వృషభం, మిథునం తిరగబడి ఉంటాయి. రెండు పద్ధతులూ ఒకే కప్పు మీద కలిపేశారు. అదీ అసలైన తప్పంటే.

గోల్డ్‌బగ్_88
మీరంతా భుజాలు లెక్కపెడుతున్నారు, నాణెం అసలుదో కాదో ఎవరూ అడగలేదు 😀

గీటురాయి
నేను అదే అడగబోతున్నాను. అంతరిక్షం బొమ్మలున్న నాణేల పేరుతో మార్కెట్‌లో చాలా చెత్త తిరుగుతోంది. మా బావ ఒకటి తెచ్చాడు, చంద్రుడి ఉపరితలం, కింద "24 క్యారెట్ల బంగారు పూత" అని చిన్న అక్షరాలు. రాగి బిళ్ళ మీద పూత అది. అమ్మినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, కానీ ఫొటో పక్కన "స్మారక స్వర్ణ నాణెం" అని పెద్దగా పెట్టి అసలు మాటను అడుగున దాచారు. దాని మీద ముఖవిలువ లేదు, ఏ దేశం పేరూ లేదు. అలాంటిది నాణెం కాదు, మెడల్ అంతే. ముందు చూడాల్సింది మూడు: ముఖవిలువ, దేశం పేరు, బరువూ స్వచ్ఛతా ముద్రలో ఉన్నాయా అని.

పాలపుంత గారూ, మీదాంట్లో ఇవి ఉన్నాయా?

పాలపుంత
మూడూ ఉన్నాయి. నంబరు వేసిన సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. నాణెం ఉన్న ప్లాస్టిక్ డబ్బీ, అదే క్యాప్సూల్, ఇంకా తెరవలేదు.

లెక్కలమాస్టారు
క్యాప్సూల్ తెరవడానికి ఇష్టమైతే నీళ్ళ పరీక్ష చేసుకోండి. త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకు తగలకూడదు. బంగారం సాంద్రత 19.3. 31.1ని 19.3తో భాగిస్తే 1.61. త్రాసు దాదాపు అంత గ్రాములు చూపించాలి. పూత పూసిన రాగి అయితే 3.5 దాకా పోతుంది.

గీటురాయి
మాస్టారూ, రాగిని, సీసాన్ని పట్టుకోవడానికి అది చాలు. టంగ్‌స్టన్‌ని పట్టుకోలేదు. దాని సాంద్రత 19.25. ఇళ్ళల్లో ఉండే త్రాసుకు ఆ తేడా అందదు.

టంగ్‌స్టన్‌కు విద్యుత్ వాహకత బంగారంలో సగం కూడా ఉండదు. అందుకే డీలర్ల దగ్గర వాహకత కొలిచే మెషీన్లు ఉంటాయి, క్యాప్సూల్ తీయకుండానే చెప్పేస్తాయి. అక్కడ చూపించుకోవడమే మంచిది. 9999 బంగారం మెత్తన, వేలిముద్ర పడినా, గుడ్డతో తుడిచినా ఆ అద్దంలాంటి మెరుపు మీద గీత పడుతుంది. అదే దక్షిణాఫ్రికా వాళ్ళ 22 క్యారెట్ల నాణెం క్రూగర్‌రాండ్ అయితే రాగి కలిసి ఉంటుంది కాబట్టి కాస్త మొండిగా తట్టుకుంటుంది. అందులోనూ బంగారం ఒక ఔన్సే, కానీ మొత్తం బరువు 33.93 గ్రాములు. కొత్తవాళ్ళు ఆ బరువు చూసి కంగారు పడతారు, అందుకని చెబుతున్నా.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నా. అయితే టంగ్‌స్టన్ గట్టిగా, పెళుసుగా ఉంటుంది. చుక్కలు, జుట్టు పోగులు ఇంత సన్నగా దాని మీద ముద్రించడం కష్టం. టంగ్‌స్టన్ దిమ్మ మీద బంగారు తొడుగు వేస్తే అంచుల దగ్గర తెలిసిపోతుంది. కడ్డీలతో పోలిస్తే నాణేలకు ఆ ప్రమాదం తక్కువ.

ఉల్కాపాతం
ఆలస్యంగా వచ్చాను. గ్లోబు సంగతి చదువుతుంటే ఒకటి తట్టింది. గోపురంలా వంపు తిరిగిన నాణేలు ఉన్నాయి కదా? అమెరికా మింట్ 2014లో బేస్‌బాల్ నాణెంతో ఆ పద్ధతి మొదలుపెట్టి, 2019లో అపోలో 11 యాభయ్యేళ్ళ సందర్భంగా మళ్ళీ చేసింది. పుటాకార వైపు చంద్రుడి నేల మీద బూటు అచ్చు, కుంభాకార వైపు ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దం, అందులో ఆర్మ్‌స్ట్రాంగ్, జెండా, లూనార్ మాడ్యూల్ ప్రతిబింబం. అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఉబ్బెత్తు వైపే పెట్టారు. ఆస్ట్రేలియా వాళ్ళు కూడా 2012లో దక్షిణాకాశంలో శిలువ ఆకారపు నక్షత్రమండలం క్రక్స్‌తో వంపు నాణేలు తెచ్చారు, అవి వెండివి.

నా పాయింట్ ఏంటంటే, వంపు నాణెం మీద నక్షత్రాలు వేస్తే ఏ పద్ధతి వాడాలో నాణెం ఆకారమే చెప్పేస్తుంది. ఉబ్బెత్తు వైపు వేస్తే గ్లోబు, లోతు వైపు వేస్తే మన తల మీది ఆకాశం. చదును నాణేనికి ఆ సాయం లేదు. అందుకే పాలపుంత గారికి అనుమానం వచ్చింది. కనీసం చుట్టూ తూర్పు పడమరలు చెక్కి ఉంటే గొడవే ఉండేది కాదు.

ఆకాశవీధి
చాలా మంచి మాట. తూర్పు పడమరల సంగతి కూడా ఇందులో భాగమే. ఉత్తరం పైకి పెడితే ఆకాశ పటంలో తూర్పు ఎడమన ఉంటుంది, ఎందుకంటే దాన్ని తలపైకి ఎత్తి చూడాలి. గ్లోబు మీద కుడిన ఉంటుంది.

గోల్డ్‌బగ్_88
అపోలో నాణెం బులియన్ కాదు కదా, అది స్మారక నాణెం. 5 డాలర్ల బంగారు నాణెం, 8.359 గ్రాములు, 90 శాతం బంగారం. 50,000కు మించి ముద్రించకూడదని పరిమితి పెట్టారు. మనం మాట్లాడుతున్నది ఔన్సుల లెక్క.

బొమ్మాబొరుసు
తేడా చెప్పడం మంచిదే. కెనడా మేపుల్ లీఫ్, అమెరికా బఫెలో లాంటి పక్కా బులియన్ నాణేల మీద స్పాట్ కంటే కాస్తే ఎక్కువ ఉంటుంది, అమ్మేటప్పుడూ దాదాపు స్పాట్‌కు పోతాయి. పరిమిత సంఖ్య, ప్రత్యేక డిజైన్ అంటే కొనేటప్పుడు ప్రీమియం పెద్దది. అమ్మేటప్పుడు ఆ ప్రీమియం తిరిగి రావాలంటే ఆ డిజైన్ కావాలనుకునే మనిషి దొరకాలి. దొరక్కపోతే డీలర్ కరిగించే ధరే ఇస్తాడు. ఉల్క ముక్కలు అతికించినవి, చీకట్లో వెలిగే రంగు వేసినవి అయితే కొందరు డీలర్లు అసలు ముట్టుకోరు.

డిజైన్‌కు డబ్బు పెట్టడం తప్పని నేననను, నేనూ పెడతాను. కానీ అది బంగారం ఖాతాలో కాకుండా బొమ్మల ఖాతాలో రాసుకోవాలి.

గోల్డ్‌బగ్_88
అదే నేనూ మొదట్నుంచీ అంటున్నది.

కాసులపేరు
కాదు, నువ్వు "దాచెయ్" అన్నావ్ 😀

రాత్రిడ్యూటీ
బంగారానికీ నక్షత్రాలకీ అసలు సంబంధం ఇంకోటుంది కదా. బంగారమంతా సూపర్‌నోవాల్లో పుట్టిందంటారు. నక్షత్రం మీద నక్షత్రం బొమ్మ!

లెక్కలమాస్టారు
సూపర్‌నోవాల కంటే న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు ఎక్కువ పుడుతుందనే దానికి ఇప్పుడు గట్టి ఆధారం ఉంది. 2017 ఆగస్టు 17న అలాంటి ఢీకొట్టుడు గురుత్వ తరంగాల్లో దొరికింది. ఆ వెంటనే టెలిస్కోపులు తిప్పి చూస్తే, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో దాని వెలుగు కనిపించింది. ఆ వెలుగు మారిన తీరును బట్టి భారీ మూలకాలు పుట్టాయని తేల్చారు. చుట్టూ విపరీతమైన న్యూట్రాన్లు ఉంటే పరమాణు కేంద్రకం క్షీణించే లోపే వాటిని గబగబా మింగి బరువెక్కుతుంది. బంగారం తయారయ్యేది అలాగే.

ఆ జంట నక్షత్రాల బొమ్మతో బంగారు నాణెం వస్తే నేను ప్రీమియం చూడకుండా కొంటాను.

ఉల్కాపాతం
జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 6.5 మీటర్ల అద్దం మీద పూసిన బంగారం మొత్తం దాదాపు 48 గ్రాములే. పాలపుంత గారి నాణెం లాంటివి ఒకటిన్నర ఉంటే చాలు. పరారుణ కాంతిని బంగారం బాగా వెనక్కి పంపుతుంది, అందుకే పూశారు. అపోలో హెల్మెట్ అద్దానికి బంగారు పూత వేసిందీ వేడి నుంచి, ఎండ నుంచి కాపాడటానికే. ఆ అద్దాన్ని బంగారు నాణెం మీద చెక్కడం ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. నాకు నచ్చేది ఇలాంటి డిజైన్లే, లోహానికీ బొమ్మకీ సంబంధం ఉన్నవి.

కాసులపేరు
ఆకాశం బొమ్మల బంగారు నాణేలంటే జహంగీర్‌ను వదిలేశారేంటి? 1618లో ఆ నెలలో సూర్యుడు ఏ రాశిలో ఉంటే ఆ రాశి బొమ్మ వేయమన్నాడు. ఆగ్రాలో కొట్టిన బంగారు మొహర్ల మీద సింహం, వృషభం, పీతల వెనక సూర్యకిరణాలు కనిపిస్తాయి. నెల పేరు ఉండే చోట బొమ్మ పెట్టించడం తన ఆలోచనే అని ఆత్మకథలో రాసుకున్నాడు కూడా.

గోల్డ్‌బగ్_88
రాశులంటే జ్యోతిషం కదా, ఖగోళశాస్త్రం ఎలా అవుతుంది?

కాసులపేరు
సూర్యుడు ఏ నెలలో ఏ చుక్కల దారిలో ఉన్నాడో లెక్కకట్టకుండా ఆ నాణెం కొట్టలేరు. నాణెం చూసి అది ఏ నెలలో ముద్రించారో చెప్పొచ్చు. ఇప్పటి బులియన్ నాణెం మీద ఏడాది తప్ప ఏముంది?

బొమ్మాబొరుసు
వాటికి నకిలీలు కూడా తరతరాలుగా వస్తున్నాయి, ఎవరైనా "తాతల నాటిది" అని అమ్మజూపితే జాగ్రత్త. నూర్జహాన్ ఒక్కరోజు రాజ్యం చేసి ఇవి కొట్టించిందనే కథ కూడా నమ్మకండి. అన్ని అచ్చులు చెక్కడం ఒక్కరోజులో అయ్యే పనేనా?

రాత్రిడ్యూటీ
మరి నెలవంక కొమ్ముల మధ్య చుక్క పెడతారే, అదీ తప్పేనా?

ఆకాశవీధి
ఆకాశం పరంగా తప్పే. నెలవంకలో చీకటిగా ఉన్నచోట కూడా చంద్రుడే ఉన్నాడు. వెనకున్న నక్షత్రం చంద్రుణ్ణి చీల్చుకుని కనపడదు. చిహ్నంగా వేస్తే ఎవరూ తప్పుపట్టరు. "ఖగోళ సిరీస్" అని పేరుపెట్టి వేస్తే మాత్రం నేను కొనను.

పాలపుంత
అప్‌డేట్. అమ్మినవాళ్ళకు రాశాను. క్యాప్సూల్ తెరవలేదు కాబట్టి వాపసు తీసుకుంటామన్నారు, కరపత్రం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. డీలర్ దగ్గర మెషీన్ మీద పెట్టించాను, బంగారం పక్కా.

వాపసు ఇవ్వట్లేదు. ముఖం మనవైపు ఉండి చుక్కలు తిరగబడి ఉంటే ఇచ్చేసేవాణ్ణి. వీపు సంగతి తెలిశాక ఈ డిజైన్ ఇంకా నచ్చింది. కరపత్రంలో ఆ వాక్యం మార్చమని మింట్‌కు విడిగా రాస్తున్నాను, ఆకాశవీధి గారి వివరణ అందులో వాడుకోవచ్చా?

ఆకాశవీధి
నిరభ్యంతరంగా.

కాసులపేరు
నేనైతే ఇప్పటికీ ఇచ్చేసేదాన్నే. మీ ఇష్టం.

బొమ్మాబొరుసు
డబ్బా, సర్టిఫికెట్‌తో పాటు ఆ తప్పు కరపత్రం కూడా పారేయకండి. రేపు మింట్ మార్చితే పాత కరపత్రంతో ఉన్న సెట్ అని అడిగేవాళ్ళు ఉంటారు.

రాత్రిడ్యూటీ
నా దగ్గర సప్తర్షి మండలం ఉన్న చిన్న నాణెం ఉంది, పదోవంతు ఔన్సు. మనిషి బొమ్మ లేదు, ఏడు చుక్కలే. అది ఏ పద్ధతో ఎలా తెలుసుకోవాలి?

ఆకాశవీధి
తేలిక. ఆ ఏడు చుక్కలూ గరిటె ఆకారంలో ఉంటాయి కదా, ఆ గరిటె గిన్నె నోరు పైకి ఉండేలా పట్టుకోండి. పిడి మీ ఎడమ వైపు ఉంటే ఆకాశంలో ఉన్నట్టే. కుడి వైపు ఉంటే గ్లోబు.

రాత్రిడ్యూటీ
కుడి వైపే ఉంది! కరపత్రం వెతకాలి ఇప్పుడు.